పెద్దవాళ్ళకి బి.పి.నా? పహారా వద్దు... తోడుండండి!

"నాకు బి.పి. తెప్పించకు!" అనే మాట మన ఇళ్ళలో రోజుకి ఎన్నిసార్లు వినబడుతుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పిల్లాడు హోంవర్కు చెయ్యకపోయినా అదే మాట, పనిమనిషి చెప్పకుండా మానేసినా అదే మాట. మన వాడుకలో బి.పి. అంటే కోపం, చిరాకు. దానికి హైపర్‌టెన్షన్ అని ఇంకో పేరుండటంతో, ఇది టెన్షన్ పడేవాళ్ళ జబ్బు అనే అభిప్రాయం మరీ గట్టిపడిపోయింది.

నిజానికి ఆ పేరులో ఉన్న టెన్షన్ మనసుది కాదు. రక్తం పారేటప్పుడు రక్తనాళాల గోడల మీద పడే ఒత్తిడిది. ఎవర్నీ పల్లెత్తు మాట అనని బామ్మగారికి బి.పి. ఉండొచ్చు. ఇంటిల్లిపాది మీదా కేకలేసే తాతగారికి లేకపోనూవచ్చు.

ఈ చిన్న పొరపాటు వల్ల జరిగే నష్టం మాత్రం చిన్నది కాదు. "పిల్లలంతా స్థిరపడ్డారు, నాకిక టెన్షన్లేమున్నాయి?" అని మాత్రలు మానేసే పెద్దవాళ్ళు కొందరు. "మీకు బి.పి. ఉంది, మీరు ఊరుకోండి" అంటూ ఇంటి విషయాలన్నిట్లోనూ పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టే పిల్లలు కొందరు. మొదటిది ఒంటికి చేటు. రెండోది మనసుకి చేటు. మనసు విరిగిన మనిషి మాత్రల డబ్బా మూత తియ్యడు. ఆ చేటు తిరిగి తిరిగి ఒంటికే వస్తుంది.

అందుకే ఈ వారం మాత్రల గురించీ, ఉప్పు గురించీ, వాటితోపాటు మనసు గురించీ మాట్లాడుకుందాం. మీ అత్తమామల కోసం, పుట్టింట్లో ఉన్న మీ అమ్మానాన్నల కోసం, అరవైకి దగ్గరపడుతుంటే మీ కోసం కూడా.

వయసుకి వంద కలపాలా?

బి.పి.లో రెండు అంకెలుంటాయి. గుండె ముడుచుకుని రక్తాన్ని నెట్టినప్పటి ఒత్తిడి పై అంకె. గుండె కాస్త విశ్రాంతి తీసుకున్నప్పటిది కింది అంకె. డాక్టరు దగ్గర వేర్వేరు రోజుల్లో చూసినప్పుడు 140/90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మన దగ్గర సాధారణంగా దాన్ని అధిక రక్తపోటు అంటారు.

వయసు పైబడేకొద్దీ రక్తనాళాలు బిరుసెక్కుతాయి. దాంతో చాలామంది పెద్దవాళ్ళలో పై అంకె పెరుగుతుంది. కింది అంకె మామూలుగానే ఉంటుంది, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. "వయసుకి వంద కలిపితే ఎంతో అంత ఉండొచ్చు" అని పూర్వం ఒక లెక్క చెప్పేవారు. ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. అరవై దాటి, పై అంకె మాత్రమే ఎక్కువగా ఉన్నవారి మీద అమెరికాలో చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 1991లో వచ్చాయి. మందులు వాడినవారిలో పక్షవాతం మూడో వంతుకి పైగా తగ్గింది. 2008లో వచ్చిన మరో పరిశోధన ఎనభై దాటినవారి మీద జరిగింది. వాళ్ళలోనూ మందులు వాడినవారిలో మరణాలు తగ్గాయి. కాబట్టి "ఈ వయసులో ఇంకా మందులెందుకమ్మా" అనే మాటకి జవాబు ఉంది. ఎన్నాళ్ళున్నా మంచాన పడకుండా, తమ పని తాము చేసుకుంటూ ఉండటానికి!

మందుల్లేని రోజుల్లో ఎలా ఉండేదో తెలియాలంటే అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంగతి చూడండి. 1945 ఏప్రిల్‌లో మెదడులో రక్తస్రావంతో ఆయన చనిపోయిన రోజున డాక్టరు చూసిన బి.పి. 300/190. అప్పటికి ఆయన వయసు 63 ఏళ్ళే. అంత పెద్ద దేశాధినేతకి కూడా ఇవ్వడానికి ఆ రోజుల్లో సరైన మందు లేదు. ఇప్పుడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బి.పి. మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు.

ఇంకో మాట. తలనొప్పి, కళ్ళు తిరగడం ఉంటేనే బి.పి. ఉన్నట్టు అనుకోకండి. ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. బాధ లేదు కదా అని మందు మానడమే అసలు ప్రమాదం.

చెప్పకుండా మాత్ర ఎందుకు మానేస్తారు?

పెద్దవాళ్ళు మాత్ర మానేస్తే మనం "మొండితనం" అనేస్తాం. చాలాసార్లు దాని వెనక పైకి చెప్పుకోలేని కారణం ఒకటుంటుంది.

బి.పి.కి ఇచ్చే కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని, ఉప్పుని బయటికి పంపుతాయి. మాటిమాటికీ బాత్‌రూముకి వెళ్ళాల్సి వస్తుంది. పెళ్ళికో, తీర్థయాత్రకో బస్సులో వెళ్ళాల్సిన ఆడవాళ్ళు ఆ ఇబ్బంది నలుగురికీ చెప్పలేక ముందు రోజు నుంచే మాత్ర ఆపేస్తారు. ఆమ్లోడిపిన్ రకం వాడితే కొందరికి పాదాలు వాస్తాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ రకాలతో కొందరికి ఆగని పొడిదగ్గు వస్తుంది. రాత్రి దగ్గితే కోడలికీ మనవలకీ నిద్ర చెడుతుందని, మాత్ర మానేసి ఊరుకుంటారు. కొందరికి డబ్బు బెంగ, కొడుక్కి ఇంకో ఖర్చు ఎందుకని. జీవిత భాగస్వామి పోయినవాళ్ళలో "ఇంక ఎవరి కోసం?" అనే నిస్పృహ.

ఇవన్నీ "మాత్ర వేసుకున్నారా, లేదా?" అని గదమాయించి అడిగితే బయటికి రావు. "ఆఁ, వేసుకున్నాలే" అనే జవాబే వస్తుంది. తీరిగ్గా పక్కన కూర్చుని "అత్తయ్యగారూ, ఈ మాత్ర వేసుకుంటే ఏమైనా ఇబ్బందిగా ఉంటోందా?" అని అడిగి చూడండి. ఆ ఒక్క ప్రశ్నకి ఎన్ని నెలల సంగతులు బయటికొస్తాయో! దగ్గు వస్తే డాక్టరు మందు మారుస్తారు. బాత్‌రూము ఇబ్బందికి మాత్ర వేసే వేళ మారుస్తారు. అయితే సొంతంగా మాత్రం ఆపకూడదు. కొన్ని రకాల మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే బి.పి. అమాంతం పైకి లేస్తుంది.

మందుకీ మనసుకీ ఉన్న సంబంధం డాక్టర్లకి ఎప్పుడో తెలుసు. మన సర్పగంధ వేరు బి.పి.ని తగ్గిస్తుందని 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ రాసిన వ్యాసం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. తర్వాత 1952లో ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే మందుని వేరుచేశారు. దాన్ని వాడిన కొందరిలో దిగులు కనిపిస్తోందని ఆ దశాబ్దంలోనే డాక్టర్లు రాశారు. ఇప్పుడు అంతకన్నా మెరుగైన మాత్రలున్నాయి. అయినా కొత్త మందు మొదలెట్టాక మనిషి ముభావంగా మారితే, ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పాలి. అలాగే మోకాళ్ళ నొప్పులకి దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి బిళ్ళలు బి.పి.ని పెంచుతాయి. రోజూ అవి మింగుతుంటే ఆ మాట దాచకూడదు.

పెత్తనం వాళ్ళకే ఇవ్వండి

నలభై ఏళ్ళు ఇల్లు నడిపి, పిల్లల్ని పెంచి, పెళ్ళిళ్ళు చేసిన మనిషి ఆవిడ. ఈరోజు భోజనాల దగ్గర "అప్పడం వద్దు, ఆవకాయ వద్దు, ఉప్పు వద్దు" అంటూ కోడలు, కొడుకు, చివరికి మనవరాలు కూడా చెప్పేవాళ్ళే! ఆ చెప్పేది మంచికే. కానీ వినేవాళ్ళకి అవమానంగా ఉంటుంది. ఫలితం? మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ జాడీ మూత చప్పుడవుతుంది.

బి.పి. ఆవిడది. దాని మీద పెత్తనం కూడా ఆవిడదే కావాలి. వారం రోజుల మాత్రలు విడివిడి గళ్ళలో పెట్టుకునే డబ్బా మందుల షాపుల్లో దొరుకుతుంది. ప్రతి ఆదివారం అది ఆవిడే నింపుకునేలా చూడండి. కళ్ళు సరిగా ఆనకపోతే పక్కన కూర్చుని పేర్లు చదివి పెట్టండి. గోడమీది తెలుగు క్యాలెండరులో పాల లెక్క రాసినట్టే, మాత్ర వేసుకోగానే ఆ తేదీ మీద ఓ టిక్కు పెట్టుకోమనండి. మాత్రని రోజూ తప్పని పనితో ముడిపెడితే మరిచిపోరు. పొద్దున్న దీపం పెట్టగానే అనో, కాఫీ తాగగానే అనో. డాక్టరు దగ్గర కూడా వాళ్ళ బదులు మీరే అన్నీ చెప్పెయ్యకండి. ముందు వాళ్ళని చెప్పనిచ్చి, మరిచినవి అందించండి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం దగ్గరుండి మీరే వెయ్యాలి.

మిషను ఇంట్లో ఉంటే...

జబ్బకి పట్టీ చుట్టే రకం మిషను మంచిది. చూసుకునే ముందు అరగంట దాకా కాఫీ, టీ, చుట్ట, సిగరెట్ వద్దు. బాత్‌రూముకి వెళ్ళొచ్చి, కుర్చీలో వెన్ను ఆనించి, పాదాలు నేలకి ఆనించి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. ఆ సేపు మాట్లాడకూడదు, మీరూ పలకరించకూడదు. మాట్లాడుతుంటేనే అంకె పెరుగుతుంది. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ రాసిపెట్టుకోవాలి. ఇంట్లో చూసుకునే బి.పి.కి హద్దు 135/85. తెల్లకోటు చూడగానే బెదిరి బి.పి. పెరిగే వాళ్ళుంటారు కనుక, డాక్టరుకి ఈ ఇంటి లెక్క చాలా ఉపయోగం.

మిషను కొన్నాక కొందరికి కొత్త బెంగ పట్టుకుంటుంది. గంటకోసారి చూసుకోవడం, అంకె పెరిగిందని కంగారు, ఆ కంగారుకి ఇంకాస్త పెరగడం! డాక్టరు చెప్పినన్ని రోజులు, చెప్పిన వేళకి చూసి, మిషను బీరువాలో పెట్టెయ్యండి. బి.పి. పొద్దుటికీ సాయంత్రానికీ మారడం సహజం. ఒక్క అంకెని బట్టి మాత్ర ఎక్కువా తక్కువా వెయ్యకూడదు.

రోగి కంచం వేరుగా వద్దు

పెద్దవాళ్ళ రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సుమారుగా ఒక చిన్న చెంచాడు. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో రోజుకి 20 గ్రాములు. ఆ లెక్కన కిలో ప్యాకెట్టు యాభై రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్ళొస్తోంది? పచ్చళ్ళు, అప్పడాలు, మిక్చరు, బిస్కెట్లలో ఉన్నది మళ్ళీ దీనికి అదనం!

బి.పి. ఉన్నవాళ్ళకి విడిగా చప్పిడి కూర వండి పెట్టకండి. అందరితో కూర్చుని వేరే తిండి తినడం శిక్షలా ఉంటుంది. ఇంటి మొత్తానికీ ఉప్పు తగ్గించండి. వారం వారం కొద్దికొద్దిగా తగ్గిస్తే నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. మీకూ, మీవారికీ మేలే కదా!

పప్పులో ఉప్పు చివర్న వేసి, దించాక కాస్త నిమ్మరసం పిండండి. పులుపు ఉంటే ఉప్పు లోటు తెలియదు. చారులో మిరియాలు, ధనియాలు, జీలకర్ర, ఇంగువ పోపు ఘాటుగా ఉండాలి. కూరల్లో అల్లం, వెల్లుల్లి, కొత్తిమీర, వేయించిన నువ్వులపొడి వాడుకోండి. మజ్జిగలో ఉప్పు బదులు అల్లం, కరివేపాకు చాలు. ఊరగాయ బదులు దోసకాయో, బీరకాయ తొక్కో అప్పటికప్పుడు రోట్లో నూరితే ఉప్పు మీ చేతిలో ఉంటుంది. అప్పడాల్లో ఉప్పుతోపాటు అప్పడాల కారం ఉంటుంది, బజ్జీల్లో వంటసోడా పడుతుంది. అవీ ఒంట్లోకి సోడియం చేర్చేవే. ఇక ఆవకాయ సంగతి. కొత్త ఆవకాయ కలిపిన రోజున మావయ్యగారికి ముద్ద లేకుండా చెయ్యకండి. ఎప్పుడు, ఎంత అన్నది ఆయనతోనే కూర్చుని మాట్లాడుకోండి. తనే ఒప్పుకున్న హద్దుని మనిషి దాటడు. విధించిన హద్దుని దాటకుండా ఉండలేడు.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఇప్పుడు షాపుల్లో దొరుకుతోంది. చైనా పల్లెల్లో సుమారు 21,000 మందిపై జరిపిన పరిశోధనలో ఇలాంటి ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. కానీ మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకీ, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవాళ్ళకీ ఇది ప్రమాదం. డాక్టరుని అడిగే వాడాలి.

మనసుకి కావలసింది

కోపం, భయం, దుఃఖం కలిగినప్పుడు ఎవరికైనా కాసేపు బి.పి. పెరుగుతుంది, మళ్ళీ దిగుతుంది. అందుకని పెద్దవాళ్ళ దగ్గర ప్రతి సంగతీ దాచిపెట్టక్కర్లేదు. తలుపులేసుకుని గుసగుసలాడుకుంటుంటే వాళ్ళ ఊహలు ఇంకా ఎక్కువ బాధపెడతాయి. చెడు కబురైనా నెమ్మదిగా, పక్కన కూర్చుని చెప్పండి. సలహా అడగండి. ఇంట్లో తన మాటకి విలువుందని తెలిసిన మనిషికి బతుకు మీద ఆశ ఉంటుంది. ఆ ఆశే మాత్ర వేయిస్తుంది.

రిటైరైన మావయ్యగారికి ఓ పని అప్పజెప్పండి. కరెంటు బిల్లో, మనవడి లెక్కలో, కూరల బజారో. రోజూ అరగంట నడక అలవాటైతే బి.పి.కీ మంచిది, దార్లో నలుగురి పలకరింపు మనసుకీ మంచిది. భజన, పురాణం, పార్కులో స్నేహితులు, ఏదైనా సరే, ఇంటి బయట వాళ్ళదంటూ ఒక లోకం ఉండాలి. ప్రాణాయామం చేసేవారు నెమ్మదిగా పీల్చి, నెమ్మదిగా వదలడం వరకే చాలు. ఊపిరి బిగబట్టడం వద్దు. అమెరికాలో ఉన్న పిల్లలు ఎప్పుడో గంట మాట్లాడేకన్నా, చెప్పిన వేళకి రోజూ అయిదు నిమిషాలు మాట్లాడితే ఆ ఎదురుచూపు తియ్యగా ఉంటుంది.

రెండు వారాలకి మించి ఆకలి, నిద్ర తగ్గి, ఇష్టమైన వాటి మీదా ఆసక్తి పోయి, "నేనుండి ఏం లాభం" అంటుంటే అది వయసు ధర్మం అని వదిలెయ్యకండి. అది దిగులు జబ్బు కావచ్చు. దానికి వైద్యం ఉంది. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కి 14416 నంబరులో ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. వృద్ధుల సమస్యలకి 14567 నంబరు ఉంది.

మీ సంగతో?

ముట్లుడిగాక ఆడవాళ్ళలో బి.పి. పెరగడం మొదలవుతుంది. అందరి మాత్రలూ గుర్తుపెట్టుకునే మీరు, మీది చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు? అత్తయ్యగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజునే మీ చెయ్యి కూడా చాపండి. ఇద్దరికీ ఒకే క్యాలెండరు, పక్కపక్కన రెండు టిక్కులు. ఆవిడకి కాపలా ఉన్నట్టూ ఉండదు, మీకూ మరుపు రాదు.

ఇవి మరవకండి!

* మూతి వంకర పోవడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం పక్షవాతం గుర్తులు. సొంతంగా మాత్రలు, నీళ్ళు ఇవ్వకుండా వెంటనే 108కి ఫోను చెయ్యండి. గడ్డ కరిగించే మందు పని చెయ్యాలంటే నాలుగున్నర గంటల్లోపు పడాలి. మొదట ఎప్పుడు కనిపించిందో టైము గుర్తుపెట్టుకోండి.

* బి.పి. 180/120 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం ఉంటే ఆస్పత్రికే.

* రాత్రిపూట మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకూడదు. నిమిషం కూర్చుని లేవాలి. లేవగానే బి.పి. పడిపోయి తూలిపడే ప్రమాదం ఉంది. బాత్‌రూము దారిలో చిన్న లైటు ఉంచండి.

* ఊరెళ్ళేటప్పుడు మాత్రలు చేతిసంచీలో ఉండాలి, నాలుగు రోజులకి ఎక్కువే ఉండాలి.

ఈ సాయంత్రం కాఫీ గ్లాసు అందిస్తూ "ఎంతుంది బి.పి.?" అని కాకుండా "ఎలా ఉంది మనసు?" అని అడగండి. జవాబు వినడానికి మీరూ ఓ గ్లాసు తెచ్చుకుని పక్కనే కూర్చోండి!